అగ్గిపుల్లకి ఒక నిమిషం మౌనం

బంగాళాదుంప ముక్కలు నూనెలో రంగు తిరుగుతున్నాయి. ఇప్పుడే తీసేస్తే మెత్తబడిపోతాయి, ఇంకాస్త ఉంచితే మాడిపోతాయి. హాల్లో కూర్చున్నవాళ్ళకి కరకరలాడాలి. "పోయిన ఆదివారం కాస్త మెత్తగా వచ్చాయి, చూసుకో," అని భర్త పొద్దుటినుంచి రెండుసార్లు గుర్తుచేశాడు. అందుకని ఆమె చిల్లుల గరిటె పట్టుకుని, మూకుడు మీంచి చూపు తిప్పకుండా నిలబడింది.

ఆదివారం సాయంత్రమైతే ఆ హాలు ఇంటివాళ్ళది కాదు, భర్త స్నేహితులది. "వచ్చారమ్మా పాటల పిచ్చోళ్ళు," అంటూ అత్తగారు తన గది తలుపు వేసేసుకుంటుంది. వాళ్ళ పిచ్చి సినిమా పాటల మీద కాదు. నలుగురు కుర్రాళ్ళు ఏ గ్యారేజీలోనో చేరి, గిటార్లూ డ్రమ్ములూ పెట్టుకుని, ఏ కంపెనీ దయా లేకుండా తమంతట తాము చేసుకునే పాటల మీద. ఇండీ రాక్ అంటారు, ఆల్టర్నేటివ్ అంటారు, ఆ రెండిటికీ తేడా ఏమిటన్నదాని మీద గంటసేపు కొట్టుకుంటారు. ఎవరు వచ్చినా రాకపోయినా ఇద్దరు మాత్రం తప్పకుండా వస్తారు. ఒకాయన పళ్ళ డాక్టరు. ఎప్పుడు చూసినా గళ్ళచొక్కాలోనే ఉంటాడు కాబట్టి ఆ ఇంట్లో ఆయన పేరే గళ్ళచొక్కా. రెండోది పాతికేళ్ళ పిల్ల, ఇంటర్నెట్లో వారం వారం పాటల కార్యక్రమం చేస్తుంది, కాబట్టి రేడియో అమ్మాయి. ఈమధ్య వంటింట్లో ఉన్న ఆమె కూతురు కూడా ఆ గుంపులో చేరింది. పదిహేనేళ్ళది, నేలమీద కాళ్ళు మడుచుకు కూర్చుని పెద్దవాళ్ళతో సమానంగా వాదనకి దిగుతుంది.

మామూలుగా ఈ మాటలేవీ వంటింట్లోకి రావు. పొగని బయటికి నెట్టే ఫ్యాను రొదలో అన్నీ కొట్టుకుపోతాయి. పైగా "ఆ తలుపు వేసెయ్, నూనె వాసనొస్తోంది," అని భర్త అక్కణ్ణుంచే కేకేస్తాడు. ఆవేళ ఫ్యాను పొద్దున్నే మొరాయించింది. తలుపు తీసిపెట్టకపోతే ఊపిరాడేలా లేదు.

"'మూడో అంతస్తు' బ్యాండు వాళ్ళు మొదటి ఆల్బంతోనే ఆగిపోవాల్సిందండీ. రెండోదానికే అమ్ముడుపోయారు," అంటున్నాడు గళ్ళచొక్కా.

"అమ్ముడుపోవడానికి కొన్నదెవరు సార్? వినేదే మనం పాతికమందిమి," అంది రేడియో అమ్మాయి.

వంటింట్లో ఆమెకి నవ్వొచ్చింది. ఆ పిల్ల నోరు తనకి ఇష్టం. ఆ నవ్వు అలా ఉండగానే కూతురి గొంతు వినబడింది. "మీరెన్ని చెప్పండి, ఎవరైనా తడిగోడలు తర్వాతే."

గరిటె మూకుడు అంచుకి తగిలి ఆగిపోయింది.

తడిగోడలు ఆమె బ్యాండు. కాలేజీ రోజుల్లో పాటలు రాసింది ఆమె, బాణీలు కట్టింది ఆమె, పాడింది ఆమె. గిటారు అతనిది. అప్పటికింకా భర్త కాదు, వేళ్ళు బాగా ఆడే సీనియరు. ఒకే ఒక్క ఆల్బం. దానిమీద ఎవరి అసలు పేర్లూ లేవు, ఫొటోలు లేవు, అదో గొప్ప అనుకునే వయసు. సన్నగా ఉండి ఇట్టే భగ్గుమనేది కాబట్టి ఆమెని అందరూ అగ్గిపుల్ల అనేవారు. ఆల్బం మీదా అదే పేరు. ఆ పాటల్ని అతను ఎప్పుడో ఇంటర్నెట్లో పెట్టాడని తెలుసు గానీ, ఎవరో వింటున్నారని, అందులో తన కూతురే ఉందని తెలీదు. దానికి చెప్పేశాడన్నమాట, అనుకుంది. చెవులు వేడెక్కాయి. మోచేత్తో చెంప మీది వెంట్రుకలు వెనక్కి తోసుకుంది. పళ్ళెం పట్టుకుని వెళ్ళగానే అది తనవైపు ఎలా చూస్తుందో ఊహించుకుంటూ, పెళ్ళిచూపుల్లో కూడా లేనంత సిగ్గుతో ముక్కలన్నీ తీసి కాగితం మీద వేసి, ఉప్పు చల్లింది.

"ఆ అగ్గిపుల్ల బతికి ఉంటేనా," అన్నాడు గళ్ళచొక్కా.

ఉప్పు చల్లుతున్న చెయ్యి గాలిలో ఉండిపోయింది.

"ఇంకెన్ని పాటలొచ్చేవో," అంది రేడియో అమ్మాయి. "సార్, మీకు బాధనిపిస్తే వద్దుగానీ, ఆ రోజు గురించి మీరెప్పుడూ పూర్తిగా చెప్పలేదు."

భర్త గొంతు మొదలైంది. తనకి తెలిసిన గొంతు కాదది. మెత్తగా, లోతుగా, ఒక్కో మాట దగ్గర ఆగుతూ వస్తోంది. "పెద్ద వాన. రోడ్డు దాటుతోంది. అవతలివైపు నేనే ఉన్నాను. చెయ్యి ఊపింది. బస్సు చూసుకోలేదు. నేను పరుగెత్తి వెళ్ళేసరికి... నా చేతుల్లోనే. చివరిదాకా ఏదో బాణీ కూనిరాగం తీస్తూనే ఉంది. అదేమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టదు."

ముక్కు ఎగబీల్చిన చప్పుడు. అది కూతురిదని ఆమెకి చూడకుండానే తెలుసు, చంటిపిల్లప్పటినుంచి అదే చప్పుడు.

తనకి ఎప్పుడైనా ప్రమాదం జరిగిందా అని నిజంగానే ఒక్క క్షణం వెతుక్కుంది ఆమె. ఏ వాన, ఏ రోడ్డు? కాళ్ళవైపు చూసుకుంది. చెప్పులు లేని కాళ్ళు, గచ్చు మీద చిందిన నూనె చుక్క. ఉన్నాయి. పళ్ళెం తీసుకుని ఆ కాళ్ళతోనే హాల్లోకి నడిచింది. ఇంకేం చెయ్యాలో తోచలేదు, ముక్కలు చల్లారిపోతాయి.

చావు ఇంటికి వచ్చినవాళ్ళలా తలలు వంచుకుని కూర్చున్నారందరూ. ఒక్కొక్కరి ముందుకీ వంగి పళ్ళెం చాచింది. "థాంక్సండీ వదినగారూ," అన్నాడు గళ్ళచొక్కా కళ్ళజోడు తుడుచుకుంటూ. కూతురు ఎర్రబడ్డ కళ్ళెత్తి, "అమ్మా, టిష్యూ ఏమైనా ఉందా?" అంది. చివరికి భర్త దగ్గరికి వచ్చింది. అతను పళ్ళెంలోకి చూశాడు, ఆమె మొహంలోకి చూశాడు, తలుపు తీసి ఉన్న వంటింటివైపు చూశాడు. అర్థమైంది అతనికి. అయినా చెయ్యి చాచి ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

"ఇవాళ బాగా కుదిరాయి," అన్నాడు.

*

చీకటి పడకముందే అందరూ వెళ్ళిపోయారు. కూతురు రేడియో అమ్మాయిని సాగనంపడానికి బస్టాపుదాకా వెళ్ళింది. భర్త సోఫాలో కూర్చుని గిటారు తీగలు బిగిస్తున్నాడు. ఆమె కప్పులు ఏరుతూ, అడుగున మిగిలిన కాఫీ అంతా ఒకే కప్పులోకి వంపుతూ అడిగింది.

"నేనెప్పుడు చచ్చిపోయాను?"

"అదా," అని నవ్వాడు. "దాన్ని పట్టుకుని వేలాడకు. పెద్ద కథేం లేదు. పాప పుట్టిన కొత్తలో పాటలు నెట్‌లో పెట్టాను. ఎవడో అడిగాడు, ఆ పాడినమ్మాయి ఇప్పుడు ఎక్కడుంది, మళ్ళీ పాడదా అని. ఏం చెప్పమంటావు? పాలసీసాలు కడుగుతోందని చెప్పనా? 'ఇప్పుడు లేదు' అని రాశాను. పాడే మనిషిగా లేదు అని నా ఉద్దేశం. వాడు లేదంటే పోయిందనుకున్నాడు. తెల్లారేసరికి యాభైమంది సంతాపాలు చెప్పారు. అప్పటిదాకా ఒక్కడూ వినని పాటలు, ఆ వారంలో ఎంతమంది విన్నారో తెలుసా? ఇక వెనక్కి ఎలా తీసుకోను?"

"బస్సు కూడా వాడే రాశాడా?"

"అడిగారు. ఏదో ఒకటి చెప్పాలిగా."

"మీ చేతుల్లో పోయానా?"

అతను ఒక తీగ మీటి, చెవి ఒగ్గి విన్నాడు.

"పాటలు ఎవరు రాశారని చెప్పారు?"

"అందరం కలిసేగా చేశాం. వాళ్ళంతట వాళ్ళు నేననుకున్నారు. నేను కాదనలేదు, అంతే."

"తద్దినం ఎప్పుడు నాకు?" ఈ మాట తన నోటినుంచే వచ్చిందా అని ఆమె తెల్లబోయింది. "ఏదో ఒక తేదీ చెప్పే ఉంటారుగా."

అతను గిటారు పక్కన పెట్టాడు. మొదటిసారి కాస్త ఇబ్బందిగా కదిలాడు. "వచ్చే శనివారం. ఆ రికార్డుల షాపు మేడమీద ఏటా కలుస్తాం. అప్పటికప్పుడు తేదీ అడిగితే నోటికొచ్చింది చెప్పాను. మళ్ళీ మర్చిపోకూడదు కదా, గుర్తుండే తేదీ అదొక్కటే."

వచ్చే శనివారం వాళ్ళ పెళ్ళిరోజు.

ఏటా ఆ రోజు పొద్దున్నే అతనికి ఆఫీసులో తప్పనిసరి పని పడేది. ఏటా ఆమె, మర్చిపోయాడులే పాపం, పని ఒత్తిడి, అని సర్దిచెప్పుకునేది. మర్చిపోయినందుకు సాయంత్రం అతను నొచ్చుకుంటే, పర్లేదులెండి అనేది. అతను మర్చిపోలేదు. ఒక్క ఏడూ మర్చిపోలేదు. ఆ రోజు పదిమందిలో కూర్చుని ఆమె కోసం గొంతు జీరపోయేలా మాట్లాడి, ఇంటికొచ్చి ఆమె వడ్డించిన అన్నం తిన్నాడు.

"నువ్వు," అంది ఆమె. పెళ్ళయినప్పటినుంచి 'మీరు' అన్న మనిషిని. "నువ్వు మనిషివేనా?"

లోపలి గది తలుపు తెరుచుకుంది. "ఏమిటమ్మా ఆ నువ్వులూ గివ్వులూ," అంటూ అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. "వాడేదో నలుగురిలో గొప్పకోసం అన్నాడు. నువ్వు నిక్షేపంలా ఉన్నావుగా! అలా అంటే ఆయుష్షు పెరుగుతుంది కూడాను."

అత్తగారికీ తెలుసు. ఈ ఇంట్లో తన చావు తెలియనిది తనకొక్కదానికే.

"అయినా పాట వదిలేసింది నువ్వే కదా," అన్నాడు భర్త, తల్లి రాకతో కాస్త ధైర్యం తెచ్చుకుని. "నేనేమైనా నీ గొంతు నొక్కానా?"

నొక్కలేదు. అదే కదా విచిత్రం, ఎవరూ నొక్కలేదు. సింకులో నీళ్ళు వదిలి ఒక్కో కప్పూ కడుగుతూ ఆమె వెతుక్కుంది, ఏ రోజు మానేశానని. కాపురానికి వచ్చిన కొత్తలో గిన్నెలు తోముతూ పాడుతుంటే అత్తగారు మెత్తగానే అంది, "మామయ్యగారు పడుకున్నారమ్మా, కాస్త మెల్లిగా." మెల్లిగా పాడింది. మామగారు పోయాక, "ఇంట్లో మనిషి పోతే పాటలేమిటని ఎవరైనా అనుకుంటారు," అంది. ఆగింది. పాప కడుపులో ఉన్నప్పుడు కొత్త బాణీ ఒకటి తట్టి అర్ధరాత్రి లేచి కూర్చుంటే భర్త ప్రేమగానే అన్నాడు, "ముందు నిద్రపో, పాటలెక్కడికీ పోవు." ఒకసారి పాప జోలపాటకి తను కొత్తగా అల్లిన వరస విని, "ఇదేదో బాగుందే, నేను వాడుకోనా?" అన్నాడు. తీసుకోండి అంది, తీసుకునేది తనవాడేగా అని. ఆసుపత్రిలో ఉద్యోగానికి చేరాక మైకులో రోగుల పేర్లు పిలిచే పని ఇచ్చారు. మొదటివారమే మేనేజరు పిలిచి, "మీ గొంతులో ఎమోషన్ ఎక్కువవుతోందండీ, పేషెంట్లు కంగారుపడతారు, ప్లెయిన్‌గా పిలవండి," అన్నాడు. ప్లెయిన్‌గా పిలవడం నేర్చుకుంది. వీళ్ళలో ఎవరిమీద పెట్టాలి ఆ నేరం? ఒక్కొక్కరూ ఒక్కో మూతే పెట్టారు, అదీ నవ్వుతూ, అదీ ఆమె మంచికే. బస్సు ఎవరు నడిపారని అడిగితే వేలెత్తి చూపడానికి ఒక్కరూ దొరకరు.

*

కూతురికి చెప్పేద్దామని మర్నాడే గదిలోకి వెళ్ళింది. అది చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుని ఉంది. భుజం మీద చెయ్యేస్తే ఉలిక్కిపడి, "అమ్మా, ప్లీజ్, ఈ పాట అయ్యాక," అంది. ఆ పాట ఏదో బయటికి సన్నగా వినబడుతోంది. ఇరవై రెండేళ్ళ వయసప్పటి తన గొంతు, కూతురి చెవుల్లోంచి.

"ఎవరిదమ్మా ఈ పాట?" అనడిగింది.

"నీకు తెలీదులే అమ్మా ఇవన్నీ," అంది కూతురు. కసురుకోలేదు. జాలిగా, ఓపిగ్గా అంది. అలా అన్నాక ఇక చెప్పడానికి నోరు రాలేదు. చెబితే దాంతోపాటు చెప్పాల్సింది ఇంకొకటుంది, మీ నాన్న ఇన్నాళ్ళూ నిన్ను అబద్ధానికి ఏడిపించాడని.

ఆసుపత్రిలో మధ్యాహ్నం కౌంటరు ముందు జనం పలచబడ్డాక, ఫోనులో ఆ అభిమానుల పేజీ వెతికి తెరిచింది. ఎక్కడెక్కడివాళ్ళో. ఎన్నేళ్ళనుంచో. మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఈ గొంతే నాకు తోడు, అని ఒకరు. మా పాపకి నీ పాటలోంచే పేరు పెట్టుకున్నాను, అని ఇంకొకరు. తనని ఇంతమంది ప్రేమించారన్నది చచ్చిపోయానన్న మాటకన్నా గట్టిగా తగిలింది ఆమెకి. ఎప్పుడు? తను ఏం చేస్తుండగా? ఆ రోజుల్లో ఏ రోజైనా ఒక్కరు తలుపు తట్టి ఈ మాట చెప్పి ఉంటే బతుకు ఎలా ఉండేదో! కిందికి జరుపుతూ పోతుంటే ఒక చిన్న ఫొటో దగ్గర వేలు ఆగిపోయింది. బాల్కనీలో తామరాకు పచ్చ రంగు కుండీ, దాని పక్కన బూట్లు. తన బాల్కనీ. కూతురి బూట్లు.

"అక్కా, నువ్వు ఉండి ఉంటే ఎలాగైనా నీ దగ్గరికి వచ్చేసేదాన్ని," అని రాసి ఉంది దానికింద. "ఇంట్లో నాన్నకి సంగీతం తెలుసు కానీ ఆయనే మాట్లాడతాడు. అమ్మ మంచిదే, కానీ అమ్మకి లోపల ఏమీ లేదు. ఉన్నట్టు ఎప్పుడూ అనిపించలేదు."

ఎవరో వచ్చి కౌంటరు అద్దం మీద వేలితో కొడుతున్నారు. ఆమె మైకు మీట నొక్కింది. కాగితం మీద పేరు కనిపిస్తోంది, చదవడమే రాలేదు. ఆ హాలంతా తన ఊపిరి చప్పుడు వినబడింది కాసేపు. కుర్చీల్లో రోగులు ఒక్కొక్కరే తలలెత్తి పైన స్పీకరువైపు చూశారు.

*

శనివారం పొద్దున భర్త ఆఫీసు పని అని అనలేదు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటూ గొంతు తగ్గించి, "నువ్వు మాత్రం రావద్దు. పాప ముందు వద్దు. కావాలంటే సాయంత్రం ఎక్కడికైనా వెళ్దాం," అన్నాడు. తండ్రీ కూతురూ గిటారు తీసుకుని వెళ్ళిపోయారు. ఆమె అత్తగారికి టిఫిను పెట్టింది, బట్టలు ఆరేసింది, బియ్యం కడిగి కుక్కరులో పోసింది. స్టవ్ వెలిగించబోయి ఆగి, చీర మార్చుకోకుండానే తాళం తీసుకుని బయల్దేరింది. వెళ్ళి ఏం చెయ్యాలో ఏమీ అనుకోలేదు. తన చావు ఎలా జరుపుతారో చూడాలనిపించింది, అంతే.

రికార్డుల షాపు మేడమీది గది నిండా జనం. కింది మెట్లదాకా మాటలే. ఏ బ్యాండు ఎవరిని కాపీ కొట్టింది, ఎవరి డ్రమ్మరు ఎవరితో పోట్లాడి వెళ్ళిపోయాడు, ఎవరి గొంతు స్టేజీ మీద నిలవదు. కూతురు గళ్ళచొక్కాతో ఉప్పుదీపం బ్యాండు గురించి చేతులు ఊపుతూ వాదిస్తోంది. ఇంట్లో అది అంత పెద్దగా నవ్వడం ఆమె చూడలేదు. ఎదురుగోడకి ఒక బొమ్మ. ఫొటో లేదు కాబట్టి ఎవరో ఊహించి గీశారు. సన్నటి పిల్ల, జుట్టంతా మంట. బొమ్మకింద కొవ్వొత్తి. ఆమె గుమ్మం పక్కన, సంచులు తగిలించే కొయ్య స్టాండు వెనక నిలబడింది. ఎవరూ చూడలేదు.

రేడియో అమ్మాయి లేచి చప్పట్లు కొట్టి అందరినీ కూర్చోబెట్టింది. "ముందు మన పాత పేచీ తేల్చుకుందాం," అంది. "ఆఖరిపాటలో, 'గోడకి చెవి పెట్టి వింటే లోపల' అన్నాక ఏముంటుంది? అక్కడ మాట సరిగ్గా వినబడదు. నేను నూటికి నూరుపాళ్ళు ప్రాణం అంటాను."

"ప్రాణమే," అన్నాడు గళ్ళచొక్కా. "గోడలో చిక్కుకున్న ప్రాణం. తను పోతానని ముందే తెలిసినట్టు. దాని వెనకాల టపటపమని ఆ చప్పుడు, తన గుండె చప్పుడు రికార్డు చేశారు కదండీ?"

అందరూ భర్తవైపు తిరిగారు. అతను కళ్ళు మూసుకుని మెల్లిగా తలూపాడు. "తన ఐడియానే. మైకు గుండెకి ఆనించుకుంది."

గదిలో ఎవరో నిట్టూర్చారు. "అందరం లేచి నిలబడదాం," అంది రేడియో అమ్మాయి. "అగ్గిపుల్ల కోసం ఒక నిమిషం మౌనం."

కుర్చీలు జరిగాయి. తలలు వంగాయి. భర్త తల అందరికన్నా కిందికి వంగింది. కింద వీధిలో ఆటో ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. ఆ నిశ్శబ్దంలో ఆమె తను కూడా తల వంచుకుని నిలబడి ఉండటం గమనించింది. అలవాటుకొద్దీ. అందరూ వంచితే తనూ వంచింది, తన చావుకే.

"అది ప్రాణం కాదు," అంది. గొంతు ప్లెయిన్‌గా రాలేదు. "పావురం."

తలలన్నీ ఒక్కసారి లేచాయి.

"పావురం అండీ. గోడకి చెవి పెట్టి వింటే లోపల పావురం. ఎకో కోసం ఖాళీ నీళ్ళ ట్యాంకులో దిగి రికార్డు చేశాం. అందులో ఒక పావురం గుడ్లు పెట్టుకుని ఉంది. ఎంత తరిమినా వెళ్ళలేదు. అందుకని దాన్ని పాటలో పెట్టేశాను. ఆ టపటపలు గుండె కాదు, దాని రెక్కలు."

"మీరు... వదినగారు కదూ?" అన్నాడు గళ్ళచొక్కా అయోమయంగా.

భర్త అప్పటికే మనుషుల్ని తప్పించుకుంటూ వస్తున్నాడు. మొహాన నవ్వు ఉంది. "సారీ, సారీ అందరికీ. మా ఆవిడకి ఈమధ్య ఒంట్లో బాగుండటం లేదు. డాక్టరుకి చూపిస్తున్నాం. కాస్త ఏవేవో ఊహించుకుంటోంది." ఆ మాట ఎంత సులువుగా వచ్చిందంటే, చంపినప్పుడు కూడా ఇలాగే వచ్చి ఉంటుంది అనిపించింది ఆమెకి. గదిలో మొహాలన్నీ జాలిగా మారిపోయాయి. ఎవరో కుర్చీ జరిపారు. ఎవరో మంచినీళ్ళ సీసా మూత తీసి అందించారు.

"కూర్చోండమ్మా," అన్నాడు గళ్ళచొక్కా, పన్ను పీకే ముందు రోగితో మాట్లాడే గొంతుతో. "మీరు చెప్పేది బాగుంది. కానీ అగ్గిపుల్ల చనిపోయింది కదమ్మా."

"చనిపోలేదండీ," అంది ఆమె. "పెళ్ళి చేసుకుంది."

వెనకెవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. రేడియో అమ్మాయి ఆమె మొహంలోకే చూస్తోంది. "ఆ చప్పుడు చివర్లో రెండుసార్లు గట్టిగా కొట్టుకుని ఆగిపోతుంది," అంది మెల్లిగా. "గుండె అయితే అలా ఆగదు. నేనెప్పుడూ ఇది ఎవరితోనూ అనలేదు."

"అక్కడ ఎగిరి నా తలమీద వాలింది. నేను నవ్వు ఆపుకోలేక మైకు మూసేశాను. ఈయన తిట్టాడు కూడా, టేకు పాడుచేశావని."

"నాన్నా?" అంది కూతురు.

భర్త గిటారు పెట్టె మీద చెయ్యేసి, దాని గొళ్ళెం సరిచేస్తున్నాడు. గొళ్ళెం బాగానే ఉంది. "నాన్నా!" అని మళ్ళీ పిలిచింది. అతను తల ఎత్తలేదు. ఆ గదికంతటికీ జవాబు అదే అయింది. ముందువరసలోని నెరిసిన జుట్టాయన కొవ్వొత్తిని ఊది ఆర్పేసి, "ఇన్నేళ్ళు ఏడ్చామండీ మేము," అన్నాడు, అతనితో కాదు, ఆమెతో. తను బతికుండటం వల్ల ఆయనది ఏదో పోయింది. సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. ఆమె ఆయన వీపువైపు తెల్లబోయి చూసింది.

కూతురు వచ్చి ఎదురుగా నిలబడింది. కౌగిలించుకుంటుందేమో అనుకుంది, అది దగ్గరికి రాలేదు. రెండు చేతులూ జేబుల్లో కుక్కుకుంది. "ఇన్నాళ్ళూ," అంది. "ఇన్నాళ్ళూ పక్కగదిలోనే ఉన్నావా?"

"ఉన్నాను."

"నేను నీకు రాశాను కూడా."

"చదివానమ్మా."

దాని మొహం ఎర్రగా కందిపోయింది. ఏం రాసిందో దానికి గుర్తొచ్చింది. "ఎందుకు చెప్పలేదు మరి? నాన్న సంగతి వదిలెయ్. నువ్వెందుకు చెప్పలేదు?" కారణం వెతికితే మామగారి నిద్ర, మేనేజరు మాట, పాలసీసాలు దొరుకుతాయి. పదిహేనేళ్ళ పిల్ల చేతిలో పెట్టదగ్గవి కావవి.

"మర్చిపోయాను," అంది చివరికి. "నిజంగా. నేను ఉన్నానన్నది నాకే గుర్తులేదు. నువ్వు రాసింది చదివాకే గుర్తొచ్చింది."

కూతురు చాలాసేపు ఆమెని చూసింది. ఎవరో కొత్తమనిషిని చూసినట్టు నుదురు, ముక్కు, గొంతు అన్నీ చూసింది. తర్వాత రెండు కుర్చీలు ఈడ్చి పక్కపక్కన ఆనించి, ఒకదాంట్లో ఆమెని కూర్చోబెట్టి రెండోదాంట్లో తను కూర్చుంది.

రేడియో అమ్మాయి నేలమీదే చతికిలబడింది. "మూడోపాటలో కూడా ఒక మాట అర్థం కాదండీ," అంది, ఆత్రం ఆగక. "ఇంకా, ఆ రెండో పాట వరస మధ్యలో ఎందుకు విరిగిపోతుంది? కావాలని విరిచారా?" ఇంకో ఇద్దరు దగ్గరికి జరిగారు. గళ్ళచొక్కా కాస్త దూరంగానే, చేతులు కట్టుకుని, నమ్మాలో వద్దో తేల్చుకోలేక నిలబడ్డాడు. అయినా వెళ్ళిపోలేదు.

భర్త గిటారు భుజాన వేసుకుని మెట్ల దగ్గర ఆగాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు. "చాలు ఇక, నలుగురిలో తీయాల్సిన పరువంతా తీశావు," అన్నాడు పళ్ళమధ్యనుంచి. "పద. ఏదైనా ఉంటే ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం. భోజనాల వేళయింది, అమ్మ ఒక్కతే ఉంది."

ఆమె తల తిప్పి అతనివైపు చూసింది. కోపం కోసం వెతుక్కుంది, ఇంకా రాలేదు. అది వస్తుందని, వచ్చినప్పుడు చిన్నగా రాదని మాత్రం తెలిసింది. సంచిలోంచి ఇంటి తాళం తీసి అతనికి అందించింది.

"కుక్కరులో బియ్యం కడిగి పెట్టాను, స్టవ్ వెలిగిస్తే చాలు," అంది. "నువ్వెళ్ళి అత్తయ్యకి అన్నం పెట్టు. మేము వచ్చేసరికి ఆలస్యమవుతుంది."